ఆగ్నేయపు గదిలో కంప్యూటర్

మొన్న మా అక్క కొడుకు కొత్త కంప్యూటర్ కొన్నాడు, వచ్చి చూడమంటే వెళ్ళాను. అద్దాల పెట్టె, లోపల రంగురంగుల దీపాలు, సన్నటి గొట్టాల్లో నీళ్ళు. కంప్యూటర్‌కి నీళ్ళేమిట్రా అని అడిగితే, "ప్రాసెసర్ వేడెక్కకుండా చిన్నమ్మా" అన్నాడు, నేనేదో గుహలోంచి అప్పుడే బయటికొచ్చినట్టు చూస్తూ. ఇంతలో వాడి స్నేహితుడు ఫోన్ చేశాడు. "నాది అరవై రెండురా, నీదెంత?" అంటూ మావాడు మొదలుపెట్టి, కాఫీ చల్లారిపోయేదాకా అదే మాట. ఎండాకాలంలో పేపర్ తెరిచి ఇవాళ రెంటచింతల ఎంత, రామగుండం ఎంత అని చూసేవాళ్ళం కదా, అలా ఉంది వాళ్ళ వ్యవహారం. ఆ స్నేహితుడు మావాడి అంకె నమ్మలేదు, ఫొటో తీసి పంపమన్నాడు. ఎవరి పిల్లాడో గానీ నాకు నచ్చాడు. డిగ్రీల విషయంలో ఎవరి మాటా నమ్మకూడదని నేను ఫిల్మ్‌నగర్‌లో కాపురం చేస్తూ తెలుసుకున్నాను.

నేను పుట్టి పెరిగింది మధురానగర్. పెళ్ళయి వచ్చింది ఫిల్మ్‌నగర్. ఆటో ఎక్కితే ఇట్టే దిగొచ్చు గానీ, మా అమ్మ మాటకీ మా అత్తగారి మాటకీ మధ్య కృష్ణా గోదావరులు రెండూ పారేవి. అత్తవారిది బందరు వైపు. మామగారు మద్రాసులో సినిమా ఎడిటర్. పరిశ్రమతో పాటు ఆయనా హైదరాబాదు వచ్చేశారు. ఫిల్ముని కత్తిరించి, టేపుతో అతికించి సినిమా చేసే కాలం మనిషి. ఫిల్ముకి ఏ వైపు మందు పూసి ఉందో తెలుసుకోవడానికి కొసని పెదవికి ఆనించి చూసేవారట. పెదవికి అంటుకుంటే అదే ఆ వైపు. ఆ అలవాటు పోక పోస్టు కవరూ, కరెంటు బిల్లూ కూడా ఒకసారి పెదవికి తాకించి గానీ చదివేవారు కాదు.

మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు. సినిమాలు కూడా కంప్యూటర్ మీద కత్తిరించడం మొదలైంది. మామగారికి పని తగ్గింది, తగ్గి ఆగిపోయింది. మాకు తిండికి లోటు లేదు, మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. కానీ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక వరండాలో కూర్చునే మనిషిని రోజూ చూడటం అంత తేలికేమీ కాదు. అలాంటి సమయంలో మద్రాసు నాటి నిర్మాత ఒకాయన టీవీ సీరియల్ మొదలుపెడుతూ కబురు చేశాడు. "మొదటి ఎపిసోడ్ మీ ఇంట్లోనే కంప్యూటర్ మీద కట్ చేసి చూపించండి గురువుగారూ. శుక్రవారానికి అందితే సీరియల్ మొత్తం మీదే. అందకపోతే ఏమీ అనుకోవద్దు, కుర్రాడొకడు రెడీగా ఉన్నాడు." ఏమీ అనుకోవద్దు అన్నవాళ్ళని చూస్తే నాకు మొదటి నుంచీ అనుమానమే. ఆ కుర్రాడికి అప్పటికే మాట ఇచ్చేసి ఉంటాడని మా ఆయనతో అంటే, "నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదే" అన్నారు.

కంప్యూటర్ కొన్నాం. మా ఎదురింటి తమ్ముడు సీరియళ్ళకి టైటిళ్ళూ, మెరుపులూ, మాయమయ్యే మునులూ తయారుచేసే గ్రాఫిక్స్ మనిషి. అతనూ మా ఆయనా కలిసి సికింద్రాబాద్ వెళ్ళి, ఒకే దుకాణంలో ఒకేలాంటివి రెండు కట్టించుకొచ్చారు. నిర్మాత తన వాస్తు సిద్ధాంతిని కూడా పంపాడు. ఆయన ఇల్లంతా తిరిగి, కరెంటుతో నడిచేది అగ్ని సంబంధమైనది కాబట్టి ఆగ్నేయంలోనే ఉండాలన్నాడు. మా ఇంట్లో ఆగ్నేయమంటే వంటిల్లు, దాన్ని ఆనుకుని చిన్న గది. వంటింటి గోడలో గిన్నెలు అందించుకునే చిన్న కిటికీ ఒకటి ఆ గదిలోకి ఉంది. ఆ కిటికీ ముందు బల్ల వేసి, కంప్యూటర్ పెట్టెని దాని వీపు కిటికీకి తగిలేలా నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

మామగారు దృశ్యాలు చకచకా కత్తిరించేవారు. చెయ్యి మరిచిపోలేదు. తంటా అంతా ఆ తరవాతే. ఆ ముక్కలన్నిటినీ కంప్యూటర్ ఒకటిగా కలిపి పోతపొయ్యడానికి గంటలు పడుతుంది, సగంలో తెర టక్కున ఆరిపోయేది. మళ్ళీ మొదటికి. ఆయన పెట్టె మీద అరచెయ్యి తిరగేసి, జ్వరం చూసినట్టు చూసేవారు. ఎదురింటి తమ్ముడు వచ్చి, తెర మూలన డిగ్రీలు చూపించే చిన్న ప్రోగ్రాం పెట్టాడు. డెబ్బై ఎనిమిది!

"గిది కంప్యూటర్ గాదక్కా, తందూర్. రోటీలు పెట్టుకోరాదున్రి," అన్నాడు.

"నీదెంత?"

"మాది యాభై నాలుగు దాటది."

నమ్ముతానా? తమ పిల్లల మార్కులు, తమ అద్దె, తమ ప్రాసెసర్ వేడి, ఈ మూడూ ఎదుటివాళ్ళకి ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. చెంగు దోపుకుని ఎదురింటికి వెళ్ళాను. యాభై నాలుగే ఉంది. "గిప్పుడే ఆన్ జేసినవ్ గదా, నిజం చెప్పు." "పొద్దుగాల్ల నుంచి నడుస్తనే ఉన్నది, కసమ్!" వాళ్ళావిడ వైపు తిరిగి, మీ ఆయన నిజమే చెప్తుండా అని అడిగాను. "ఏమో అక్కా, నాతోని కన్నా దానితోనే ఎక్కువ మాట్లాడ్తడు. దాన్నే అడుగున్రి," అందామె టీ ఇస్తూ. టీ తాగినంత సేపూ అంకె మీద నుంచి కళ్ళు తిప్పలేదు. కదల్లేదు.

అయితే దుకాణంవాడు మోసం చేశాడన్నమాట. పెళ్ళిచూపుల్లో చెల్లెల్ని చూపించి పీటల మీద అక్కని కూర్చోబెట్టినట్టు, మంచి ప్రాసెసర్ వాళ్ళకి వేసి నాసిది మాకు అంటగట్టాడు. మా ఆయన కొట్లాటలకి దూరం. వాడిని అడిగే బదులు పెద్ద ఫ్యాను కొనుక్కొచ్చి బిగించారు. గ్రైండర్ చప్పుడు, డిగ్రీలు మాత్రం అక్కడే. పెట్టె పక్క రేకు ఊడదీశాం. కొంచెం దిగింది, కానీ మర్నాటికి లోపల బల్లి కాపురం పెట్టింది. టేబుల్ ఫ్యాను పెడితే మామగారి కాగితాలు ఇల్లంతా ఎగిరాయి. వట్టివేళ్ళ కూలర్ తెద్దామంటే ఎదురింటి తమ్ముడు లబలబలాడాడు, తేమ తగిలితే మొత్తం కాలిపోతుందట. ఇక మిగిలింది ఏసీ. సిద్ధాంతికి ఫోన్ చేసి అడిగారు మామగారు. ఏసీ నీళ్ళు కారుస్తుంది, అగ్నిస్థానంలో జలం వైరం, వద్దన్నాడాయన. మంగళవారం వచ్చేసింది. మామగారు పెరుగన్నం దాకా రాకుండానే కంచం ముందు నుంచి లేచిపోతున్నారు.

అప్పుడు నాకు ఇంకో అనుమానం పుట్టింది. తెర ఆరిపోవడానికి ఒక వేళ ఉంది. పొద్దున వంట వేళకి ఒకసారి, సాయంత్రం ఫలహారం వేళకి ఒకసారి. ఆ రెండు వేళల్లోనూ అత్తగారు వంటింట్లో ఉంటారు. ఆ గది కరెంటు స్విచ్ కూడా వంటింటి గోడకే ఉంది. పైగా కంప్యూటర్ అంటే ఆవిడకి మంట. గిన్నెలు అందించుకునే కిటికీని మూసేసిందని మొదటి రోజే గొణిగారు. ఈ మాట మా ఆయన చెవిన వేస్తే, "మా అమ్మ స్విచ్ బోర్డు ముట్టుకోవడానికే భయపడుతుంది" అని కొట్టిపారేశారు. కొడుకుల సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుంది? బుధవారం పొద్దున స్టూలు లాక్కుని, చిక్కుళ్ళు ఒలిచే నెపంతో స్విచ్ బోర్డు కిందే కూర్చున్నాను.

"ఏమ్మాయ్, వంటింటికి దారెవరు చూపించారివాళ?" అన్నారు అత్తగారు.

"దారి తెల్వక గాదు అత్తయ్యా, చోటిస్తలేరు గదా ఎవ్వరు."

ఆవిడ మూతి తిప్పి, వంకాయల కోసం బాండీలో నూనె పోశారు. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి. ఆవిడ పొయ్యి ముందు నుంచి అడుగు కదపలేదు, నేను కళ్ళు ఆర్పలేదు. అవతలి గదిలోంచి మామగారి గొంతు వినబడింది: "పోయింది! మళ్ళీ పోయింది!"

అత్తగారు నిర్దోషి అనడానికి నేనే సాక్షినయ్యాను. ఇంతకంటే చికాకు ఇంకేముంటుంది?

ఆ కోపంలోనే ఆ పెట్టెని మా ఆయనతో మోయించి ఎదురింటికి చేర్చాను. వాళ్ళ గదిలో, వాళ్ళ బల్ల మీద నడిపితే, మా తందూరు కాస్తా అరవై దగ్గర ఆగింది. అంటే మోసం ప్రాసెసర్‌లో లేదు. ఎదురింటి తమ్ముడు ఫ్యాను విప్పాడు. రెక్కల మీద జిడ్డు దుమ్ము అప్పుడే అట్టకట్టి ఉంది. వేలితో గీకి వాసన చూసి నవ్వాడు. "అక్కా, మీ కంప్యూటర్‌కు పోపు వాసనొస్తున్నది! ఎవరు తాలింపేసిండ్రు దీనికి?"

నేనూ వాసన చూశాను. ఆవాలు, ఇంగువ, వేరుసెనగ నూనె. కిటికీ అవతల పొయ్యి, ఇవతల పెట్టె వీపు. గాలి పీల్చుకోవడానికి దానికి వేరే దారే లేదు. మా ఇంటి తాలింపు పొగంతా పీల్చి, జిడ్డంతా ఒంటికి పూసుకుని ఉడికిపోయింది పాపం.

ఫ్యాను శుభ్రం చేయించి, పెట్టెని వెనక్కి తెచ్చి, సంగతి చెప్పాను. ఆ గదిలోంచి తీసేద్దామన్నాను. మామగారు ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళూ ఎవరి మాటా వినకే ఇలా కూర్చున్నాను. ఈసారి సిద్ధాంతిగారు చెప్పినచోటే ఉంటుంది. దాన్ని కదిపి పని పోతే తట్టుకోలేనమ్మా," అన్నారు. చదువుకున్న మనిషి అలా అంటే నాకు నోరు ఊరుకోదు. కానీ ఆయన ఆ పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అందుకని ఊరుకున్నాను. నా జీవితంలో అలా ఊరుకున్న సందర్భాలు తక్కువ.

పోనీ పెడదామన్నా ఎక్కడ? ముందు గదిలో మధ్యాహ్నపు ఎండ, మా గది మీద డాబా కాలిపోతుంది. ఇల్లు మొత్తానికి చల్లగా ఉండేది ఒక్కటే, ఈశాన్యంలో నల్లరాతి పలక పరిచిన దేవుడి గది. ఆ మాట నా నోట్లోంచి జారనే జారింది. అత్తగారు విరుచుకుపడతారని పది సమాధానాలు సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని, దేవుడి గదిలోకి వెళ్ళి, రాముడి పటం చెంగుతో తుడిచి, చంకన పెట్టుకుని బయటికొచ్చారు.

"ఏమే, ఏం చేస్తున్నావ్?" అన్నారు మామగారు.

"దేవుణ్ణి ఆగ్నేయంలో పెడుతున్నానండీ. దీపం కూడా అగ్నే కదా, మీ సిద్ధాంతిగారికి అభ్యంతరం ఉండదు."

"అపచారం కాదూ?"

"పద్నాలుగేళ్ళు అడవుల్లో ఉన్నవాడు వంటింటి గోడ పక్కన ఉండలేడా? ఈశాన్యం దేవుడి చోటు. ఆయన ఖాళీ చేసి మీకిస్తున్నాడు, అద్దె కూడా అడగట్లేదు. ఇంకా ఏం శాస్త్రం కావాలి?"

నా పది సమాధానాలూ నాకే మిగిలిపోయాయి. గురువారమంతా ఆ రాతి పలక మీద కంప్యూటర్ నడిచింది. యాభై ఆరు దాటలేదు. పొయ్యి వెలిగినా తెర ఆరలేదు. శుక్రవారం పొద్దున మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎపిసోడ్ ఎక్కించిన చిన్న క్యాసెట్టు జేబులో పెట్టుకోబోతూ, అలవాటుగా దాన్ని పెదవికి ఆనించి, ఆటో ఎక్కారు. మధ్యాహ్నానికి ఫోన్ చేశారు. "ఏమే, సీరియల్ మనదే. ఉద్యోగమే అయినా క్యారేజీ కట్టనక్కర్లేదు. పని ఇంట్లోనే." ఫోన్ పెట్టేశాక అత్తగారు వరండాలోని ఆ ఖాళీ కుర్చీని తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు వేశారు.

ఆ సీరియల్ ఏళ్ళ తరబడి సాగింది. మామగారు చెప్పులు విడిచి గానీ ఆ పాత దేవుడి గదిలోకి వెళ్ళేవారు కాదు. ఎడిటింగ్ చూడటానికి వచ్చిన నిర్మాతా అంతే. సిద్ధాంతి ఒకసారి వచ్చి, ఆగ్నేయంలో దేవుణ్ణి చూసి, చూశారా, ఇక్కడ దీపం వెలుగుతోంది కాబట్టే సీరియల్ ఇంతకాలం ఆడుతోంది అన్నాడు. నేను ఆయన్ని ఏమైనా అనేలోపే మామగారు నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు.

అయితే నా అనుమానం ఒకటి ఇంకా తీరలేదు. దేవుడు మారిన మర్నాటి నుంచి అత్తగారు పొయ్యి మీంచి దించిన నైవేద్యాన్ని ఆ గిన్నెల కిటికీలోంచే సరాసరి దేవుడి ముందు పెట్టేవారు. మోకాళ్ళ నొప్పులతో హాలంతా నడిచే బాధ తప్పింది. ఆ కిటికీ కోసమే ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నారేమోనని ఒకరోజు నిలదీశాను. "అత్తయ్యా, నిజం జెప్పున్రి, ముందే అనుకున్నరు గదా?" పులిహోర గిన్నె కిటికీలోంచి అందిస్తూ, "నువ్వు పోలీసుల్లో చేరాల్సింది అమ్మాయ్," అన్నారు.

మామగారు లేరు, అత్తగారూ లేరు. కంప్యూటర్లు నాలుగైదు మారాయి. దేవుడు మాత్రం ఇప్పటికీ ఆగ్నేయంలోనే ఉన్నాడు. వెనక్కి మార్చే మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తనివ్వను. నైవేద్యం ఆ కిటికీలోంచి పెడుతున్నప్పుడు ఆవిడ మాట గుర్తొచ్చి గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. కాలం అన్నిటినీ చల్లారుస్తుందని పెద్దవాళ్ళంటారు. పెద్దవాళ్ళు చెప్పినవన్నీ నిజమే అయితే, ఆ కంప్యూటర్ ఆగ్నేయంలో భేషుగ్గా నడిచి ఉండాల్సింది.