కొలంబో నుంచి మాలేకు గంట

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావాలి. మా గోదావరి లంకలో అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ మా బావ మాల్దీవుల్లో, మాలేలో ఓ హోటల్లో వంట మాస్టరు. అక్కడి డాక్టరమ్మ అక్కను విమానం ఎక్కొద్దని గట్టిగా చెప్పేసింది. దాంతో అమ్మే అక్కడికి వెళ్లాల్సొచ్చింది. బావ రానూపోనూ టికెట్లు పంపాడు, అమ్మకూ, తోడుగా నాకూ. అమ్మ మాత్రం మొండికేసింది.

అమ్మకు నీళ్లంటే భయం లేదు. పుట్టి పెరిగింది గోదావరి మధ్యనే. నాన్న పడవలో కూరగాయల బుట్టలు పెట్టుకుని వరద రోజుల్లో కూడా ఆవలి రేవుకు వెళ్లొచ్చేది. భయమల్లా గట్టు కనపడకపోవడమే. చెన్నై నుంచి కొలంబో దాకా ఎలాగో ఒప్పుకుంది. ఆ తర్వాతంతా సముద్రమేనని తెలిశాక కూలబడింది. "గట్టు కనపడకుండా ఎంతసేపండీ?" అని నాన్నను ఒకటే సతాయింపు.

నేను అట్లాసు తెచ్చి, దారంతో కొలిచి, ఏడెనిమిది వందల కిలోమీటర్లని తేల్చాను. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. నాన్న నన్ను ఉరిమి చూసి టికెట్ అందుకున్నాడు. కొలంబోలో ఒంటిగంటకు బయల్దేరితే మాలేలో రెండింటికి దిగుతామని ఉంది.

"గంటేనే! మన రేవులో పడవ నిండటానికే అంతసేపు పడుద్ది."

అమ్మ ముఖం వెలిగింది. నాన్న అక్కడితో ఆగితే బాగుండేది. తిరుగు టికెట్ కూడా పైకే చదివాడు. దాని లెక్కన రెండు గంటల ప్రయాణం.

"అదేంటండీ, దారి అదేగా?"

"వెళ్లేటప్పుడు వాలు, వచ్చేటప్పుడు ఎదురు. పడవకైనా అంతే కదా!" నాన్న క్షణం కూడా తడుముకోలేదు. అమ్మ తలూపి పెట్టె సర్దుకుంది.

విమానంలో అమ్మ నా చెయ్యి వదిలితే ఒట్టు. మాలే విమానాశ్రయం ఓ దీవి, ఊరు ఇంకో దీవి. దిగగానే పడవెక్కాలన్నారు. అమ్మ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. "హమ్మయ్య, మనూళ్లోకొచ్చి పడ్డాం" అంది.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఉన్నన్నాళ్లూ అమ్మ ఆ పిల్లను చంక దించలేదు. బయల్దేరే రోజు అక్క చిన్నపిల్లలా ఏడ్చింది. మళ్లీ ఎప్పుడొస్తావంటే అమ్మ పిల్లను అక్క చేతికిచ్చి పెట్టె అందుకుంది.

అసలు సంగతి నాకు బావ చెప్పాడు. మాలే గడియారాలు కొలంబో కంటే అరగంట వెనకుంటాయట. పోవడమైనా రావడమైనా పట్టేది గంటన్నరే. నాన్న తెలివిని బయటపెట్టాలని నా నాలుక ఒకటే దురద. తిరుగు విమానంలో కిటికీ వైపు తిరిగి కూర్చున్న అమ్మకు వేళ్లు మడిచి మరీ లెక్క వివరించాను.

అమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"గంటన్నరేనా? ఈ మాత్రం దానికి పిల్లని ఏడిపించి వచ్చానేంటే! అన్నప్రాసనకి వచ్చేస్తానని చెప్పేదాన్ని కదా!"