ఉడికిన గడ్డిమేటు

మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు గడ్డి తినే పని చేస్తాడు. నేను చేసింది గడ్డితోనే కాబట్టి నా తెలివితక్కువతనానికి కనీసం ఔచిత్యమైనా ఉంది.

1978 సెప్టెంబరులో నన్ను విశాఖపట్నం శివారులో ఒక ప్రభుత్వ పాడిపశువుల క్షేత్రంలో మేత విభాగానికి వేశారు. హోదా పశువైద్య సహాయ సర్జన్. అంటే, సూది వేయడం నేర్చుకున్నవాడికి కొడవళ్ల మీద అజమాయిషీ ఇచ్చారన్నమాట. ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న పొలాల్లో, పనులింకా మొదలుకాని ఒక చెక్కలో చెంగలి గడ్డి మోకాలెత్తు పెరిగి ఉండేది. దాన్ని కోసుకోవడానికి మాకు అనుమతి దొరికింది. పచ్చిగా ఉండగా కోసి, ఆరబెట్టి, వేసవికి దాచాలి. ఇంగ్లీషులో దీన్ని 'హే' అంటారు. నేను ఆ మాట అన్నప్పుడల్లా కూలీల్లో ఒకరిద్దరు తమనే పిలిచాననుకుని వెనక్కి తిరిగేవారు.

వరిగడ్డి అంటే గింజ ఇచ్చేసిన దంటు; కడుపు నింపుతుంది గానీ పాలివ్వదు. ఇది పూత వేళకు కోసిన గడ్డి. సారమంతా ఆకులోనే ఉంటుంది, బాగా కుదిరితే ఎండినా ఆకుపచ్చగానే ఉంటుంది. మా డిప్యూటీ డైరెక్టరు గారికి ఈ వ్యవహారం మీద నమ్మకం లేదు. ఒక్క కోత చూస్తాననీ, కుదరకపోతే పథకం ఎత్తేసి పన్నెండు మంది దినకూలీలనూ పంపేస్తాననీ కాగితం మీదే రాశారు.

ఆ పన్నెండు మందిలో మేస్త్రీ అప్పలనాయుడు. యాభై దాటిన మనిషి. మేం కోస్తున్న చెక్కలో కొంత, అంతకుముందు ఆయన సాగు చేసుకున్న పొలమే. ఆ సంగతి ఆయన చెప్పలేదు. నీరెక్కడ నిలుస్తుందో, ఏ మూల ముందు ఆరుతుందో అడక్కుండానే చెబుతుంటే నేనే కనుక్కున్నాను.

నా దగ్గర పుస్తకం ఉంది. మూడు రోజులు ఎండనివ్వమంది. గలగలలాడే ఆకు రాలిపోతుంది కాబట్టి కాస్త మెత్తబడ్డాక ఎత్తమంది. మూడో రోజు సాయంత్రం సముద్రపుగాలి తిరిగింది. ఆ తేమకు ఆకు పట్టుగుడ్డలా మెత్తబడింది. పుస్తకం రాసినవాడు మా ఊరు చూసే రాశాడనుకుని మేటు వేయమన్నాను.

అప్పలనాయుడు ఒక పరక తీసి కణుపు దగ్గర గోటితో గీరాడు. తొక్క తడిగా లేచింది.

"ఆకు మీతోటి అబద్దమాడతంది బాబూ. కణుపునడగండి. ఇదింకా బతికే ఉంది, మేటేత్తే ఉడుకుతాది."

పరకలతో మాట్లాడేటంత చదువు నాకు లేదని చమత్కరించి పని కానిచ్చాను.

మేటు వేసిన నాలుగో రోజుకు దానిలోంచి బెల్లప్పాకం లాంటి కమ్మని వాసన వచ్చింది. మంచి హే సువాసన వేస్తుందని పుస్తకంలో ఉంది మరి. ఆఫీసు గుమాస్తాను కూడా పిలిచి వాసన చూపించాను. ఆరో రోజు పొద్దున్న అప్పలనాయుడు మేటు కడుపులోకి ఒక గునపం దించి, పక్కన కూర్చుని తాపీగా టీ తాగాడు. తర్వాత దాన్ని బయటికి లాగి నా చేతికందించాడు.

"నా మాట ఇన్నేదు గదా. దీని మాటినండి."

పట్టుకున్నాను, వదిలేశాను. రెంటికీ మధ్య ఎక్కువ వ్యవధి లేదు. పచ్చి మిగిలిన గడ్డి మేటులో కూడా ఊపిరి తీస్తుంది, ఆ వేడి బయటికి పోలేక పెరుగుతుంది, చివరికి మేటు తనంతట తానే అంటుకుంటుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే.

నీళ్ల డ్రమ్ములు దగ్గర పెట్టుకుని, అందరం కలిసి మేటు విప్పాం. లోపలి గడ్డి పొగాకు రంగుకు తిరిగి ఆవిర్లు కక్కుతోంది. సగం ఎరువుగుంటకు పోయింది. బాబుగారు గడ్డిక్కూడా జొరం తెప్పించీసినారని ఒక కూలామె అంది. పశువైద్యుడికి ఇంతకన్నా బిరుదేముంటుంది?

కోయకుండా ఉన్న సగం చేనే ఇక మిగిలిన ఆశ. దాన్ని అప్పలనాయుడికి వదిలేశాను. మంచు ఆరాక కోత. పగలు రెండుసార్లు తిరగేయడం. సముద్రపుగాలి రాకముందే చిన్న కుప్పలు చేసి గోనెపట్టాలు కప్పడం. పొద్దున్నే మళ్లీ విప్పి పరచడం. ఐదో రోజు మధ్యాహ్నం, పడమటి నుంచి పొడిగాలి వీస్తుండగా, గోటితో గీరినా కణుపు తొక్క లేవలేదు. అప్పుడు మేటు వేశాం. ఆకు కొంత రాలింది. దాన్ని దుప్పట్లలో ఎత్తి దాణాలో కలిపాం.

రెండు వారాల తర్వాత డిప్యూటీ డైరెక్టరు గారు మరో నలుగురు ఆఫీసర్లతో తనిఖీకి వచ్చారు. మేటులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి ఒక గుప్పెడు లాగి చూశారు. పచ్చగా ఉంది. ఒక ఆవుకు పెట్టారు. అది తినేసి ఆయన రెండో చెయ్యి కూడా వెతికింది. ఎలా ఆరబెట్టావని నన్నడిగారు. పద్ధతి మేస్త్రీది, ఆయనే చెబుతాడన్నాను. ఈ రెండు వారాలూ పాలవ్యాను డ్రైవరుతో సహా వచ్చినవారందరికీ నా గడ్డిజ్వరం కథ చెప్పిన అప్పలనాయుడు, ఐదుగురు ఆఫీసర్ల ముందు చెమటలు పట్టి, చివరికి ఆవు వైపు తిరిగి వివరించాడు. పథకం నిలిచింది. పన్నెండు మందీ నిలిచారు.

నేను నేర్చుకున్నది చిన్న సంగతి. గడ్డి ఆరిందా లేదా అన్నది అన్నిటికన్నా ఆలస్యంగా ఆరే చోట చూసి తేల్చాలి. తర్వాత ఏ క్షేత్రానికి వెళ్లినా అక్కడి గాలి వేళలు కనుక్కున్నాకే పుస్తకం తెరిచాను.

అయితే నన్ను ఊరందరిలో నవ్వులపాలు చేసినందుకు బదులు తీర్చుకోవడానికి ఆ తనిఖీ ఒక్కటే సరిపోలేదు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ, మేత పనిలో శిక్షణకు వచ్చే ప్రతి జట్టుకూ తొలి ఉపన్యాసం శ్రీ అప్పలనాయుడు గారిదని టైపు చేయించి, ఆ కాగితాన్ని గుమాస్తా చేత వారం ముందే ఆయనకు చదివి వినిపించేవాణ్ణి. ఆ వారం రోజులూ ఆయనకు అన్నం సయించేది కాదట.