యంత్రం అద్దానికి పూసిన పసుపు

రోజూ దీపం పెట్టి, నాకు మేలు చేసిన వాళ్లందరినీ పేరుపేరునా తలుచుకోవడం నాకు అలవాటు. ఒక పేరు దగ్గర మాత్రం ఇన్నేళ్లుగా నోరు పెగలదు. రాజవ్వ. ఆమె పేరు మార్చకుండానే రాస్తున్నాను. మారిస్తే ఈ రాతకు అర్థమే లేదు. నా పేరు మాత్రం రాయను.

ముందే చెబుతున్నాను, నేను ఏడవడానికి కూర్చోలేదు. చేసిన పనిలో సగం మళ్లీ చేయాల్సి వస్తే మళ్లీ చేస్తాను. మిగిలిన సగమే నన్ను తినేస్తోంది.

మాది మల్యాల దగ్గర పల్లె. చిన్నప్పుడే కాలు చచ్చుబడితే బడికి పంపలేక, మా నాయన పాత పంచాంగాలూ కరెంటు బిల్లులూ ముందేసుకుని ఇంట్లోనే చదువు చెప్పాడు. పెళ్లయి సిరిసిల్ల వచ్చాక ఆ చదువే బట్టల గోదాంలో రాత పని ఇప్పించింది. బడి మొహం చూడని దాన్ని నమ్మి కుర్చీ వేసి కూర్చోబెట్టిన సేటు మేలు నేను మరిచిపోలేదు. అంజన్నకు మొక్కినప్పుడల్లా ఆయన పేరు కూడా తలుస్తాను. అయినా ఆయన్ని మోసం చేశాను. రెండూ నిజమే.

మగ్గాల మీది నుంచి వచ్చిన తానులను పదకొండు మంది ఆడవాళ్లు చూసి, మడిచి, చీటీలు అంటించి పేర్చేవాళ్లు. పట్నంలో బట్ట కొనేవాళ్లు ప్రతి తానుకూ నల్లగీతల చీటీ ఉండాలన్నారు. ఆ గీతలను చదవడానికి చేతిలో పట్టుకునే చిన్న కంప్యూటర్లు కావాలి. జగిత్యాలలో కంప్యూటర్ల దుకాణం నడిపే ఆయన రెండు రకాలు తెచ్చి, పది రోజులు వాడి చూడమని ఇచ్చిపోయాడు. ఒకటి చిన్నది, పూలసజ్జంత తేలిక, దూరం నుంచే చదివేది. రెండోది ఇటుకలా బరువు. "నువ్వు ఏది మంచిదంటే గదే కొంటం," అన్నాడు సేటు.

ఆడవాళ్లందరికీ చిన్నదే నచ్చింది. నాకూ నచ్చింది, దుకాణపాయన దాని గుణం చెప్పేదాకా. పొద్దున్నే ఎవరి నంబరు వాళ్లు నొక్కాలట. ఎవరు ఏ తాను ఎప్పుడు ముట్టారో, ఎంతసేపు పని చేయలేదో అంతా దాచుకుంటుందట. బరువుదానికి ఆ తెలివి లేదు. తానులను లెక్కపెడుతుంది, మనుషులను కాదు.

అవి తెలంగాణ సమ్మె రోజులు. బస్సులు బంద్. చౌరస్తాలో దీక్షల టెంటు. మా గోదాం నుంచి రోజుకు ఇద్దరు అక్కడ కూర్చునేవాళ్లు, మిగతా తొమ్మిది మంది వాళ్ల పని కూడా చేసేవాళ్లు, నేను హాజరీలో పదకొండు మందినీ రాసేదాన్ని. తెలంగాణ రావాలి గానీ గోదాం ఆగొద్దనేవాడు సేటు. రెండూ ఆగకుండా నడిపింది మేమే. ఆ చిన్న యంత్రం వస్తే మొదటి వారంలోనే ఎవరో ఒకరి పని పోయేది.

ఈ మాట వాళ్లకే చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను అడిగాను. పదకొండు నోళ్లలో ఒక్కటి జారినా హాజరీ సంగతి బయటపడుతుందని భయపడ్డాను. భయమేనా? వాళ్ల తరఫున నేనొక్కదాన్నే తేల్చగలనన్న గర్వం కూడా ఉందేమో.

మా దగ్గర కొత్త మగ్గం పెట్టినా, కుట్టుమిషన్ కొన్నా, ఆ పదకొండు మందిలో పెద్దదైన రాజవ్వను పిలిచి మొదటి బొట్టు పెట్టించుకునేవాళ్లు. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆ దసరాకు కాంటాకూ, తోపుడుబండికీ, రెండు యంత్రాల వీపులకూ ఆమే బొట్లు పెట్టింది. మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడు, పళ్లెంలో మిగిలిన పసుపును నీళ్లతో కలిపి, చిన్నదాని ముందరి అద్దానికి పూశాను. దేవుడి ముందు పెట్టిన పసుపు. అది ఆరింది, దాని మీద నూలు దుమ్ము పట్టింది. మర్నాటి నుంచి యంత్రం చదవడం మానేసింది. మన దుమ్ముకు ఇది ఆగదని సేటుతో చెప్పాను.

దుకాణపాయన బండి మీద వచ్చి, యంత్రాన్ని ఎండలోకి తీసుకుపోయి గోరుతో గీకాడు.

"గీ అద్దం మీద పసుపెవలు పెట్టిండ్రు?"

"బొట్లు పెట్టింది నేనే సారూ," అంది రాజవ్వ.

"కాటుక గూడ పెట్టకపోయినవా, ఇంక మంచిగ కనవడుతుండె దానికి."

రాజవ్వ నా వైపు తిరిగింది. ఆమెకు అప్పటికే చూపు మసకబారింది. "బిడ్డా, నువ్వు పక్కకే ఉన్నవు గద. నేను ఈపుకే పెట్టినట్టు యాది. అద్దానికి పెట్టిన్నా?"

"ఏమో అవ్వా. నేను సూడలే."

ఇదే. ఇన్నేళ్లు మోసింది ఈ నాలుగు మాటలనే.

తుడిస్తే మంచిగ నడుస్తదని దుకాణపాయన ఎంత చెప్పినా సేటు వినలేదు. "ఒక్క బొట్టుకే పండుకునే మిషన్ మాకెందుకయ్య? మాకు దసర ఏటా అస్తది." బరువు యంత్రాలే వచ్చాయి. నేను నోరు విప్పితే ఆ క్షణమే చిన్నది కొనేవాళ్లు. అందుకే విప్పలేదా? ఆ ఒక్క రోజుకు అది జవాబు. తర్వాతి రోజులకు కాదు.

టెంటు కింద మా గోదాం చోటు ఒక్క రోజూ ఖాళీగా లేదు. ఒక్కరి పనీ పోలేదు. దీనికి నేను ఎవరికీ తలవంచను. ఆ బరువుకు మణికట్లు నొచ్చి, గుడ్డలు చుట్టుకుని పని చేసిన ఆడవాళ్లను ఏళ్ల తరబడి చూశాను. వాళ్లు అడిగితే వాళ్లకూ చెబుతాను, ఎందుకు చేశానో.

కానీ రాజవ్వ? "రాజవ్వ బొట్టు పెడితే మిషన్ గూడ సమ్మెల కూసున్నది," అని అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తర్వాత ఒకరు కొత్త మగ్గానికి పిలిస్తే పోలేదు. "నా చెయ్యి ఇంక మంచిది కాదు బిడ్డా," అంది నాతోనే. కొన్నాళ్లకు పని మాని, కోరుట్లలో కూతురి దగ్గర బీడీలు చుట్టడానికి వెళ్లిపోయింది.

తెలంగాణ వచ్చిన ఏడాది కోరుట్ల వెళ్లాను, చెప్పేయాలనే. ఆ రోజే కూతురు కొత్త కుట్టుమిషన్ తెచ్చింది. పక్కింటావిడ వచ్చి బొట్టు పెడుతుంటే, రాజవ్వ అటు చూడకుండా బీడీ చాట ఒళ్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. వాళ్లిచ్చిన చాయ తాగి వచ్చేశాను. చెప్పకుండా.

అందరి పనులూ దీక్షలూ నిలబెట్టడానికి ఆమె చేతికున్న మంచిపేరును నేను తీసుకున్నాను. ఆమెను అడగకుండా తీసుకున్నాను. ఇది ఏ మంచి పనిలోనూ కలవదు, ఏ పూజతోనూ చెల్లదు. చెల్లించమని దేవుణ్ని అడగను కూడా.

రాజవ్వకు చదువు రాదు. మనవరాలికి వచ్చు. దీని నకలు ఒకటి ఆ పిల్ల పేరు మీద కోరుట్లకు పంపుతున్నాను. అందులో మాత్రం నా పేరు ఉంటుంది. తిడితే తిట్టనీ, నా పేరు ఊరంతా చెప్పనీ. క్షమించమని మాత్రం రాయలేదు.

అవ్వా, నువ్వు ఈపుకే పెట్టినవు. నేను సూసిన.