ఆ పల్లెలో నన్ను పిలిచిన పేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఎవరైనా మొదలుపెడితే "నువ్వు చూశావా, ఎవరో చెప్పారా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. నా ఉద్యోగమూ అలాంటిదే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాడు "పనిచేస్తోంది" అంటే నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. అందుకని ఇది రాస్తున్నది తేలిగ్గా నమ్మే మనిషి కాదని గుర్తుంచుకోండి.

మేం మెల్‌బోర్న్‌లో, క్రెయిగీబర్న్‌లో ఉంటాం. నేను, నా భార్య సునీత, కూతురు మేఘన, మా అమ్మ. ఇక్కడ అందరికీ నేను ప్రణీత్‌ని. పుట్టినప్పుడు పెట్టిన పేరు మాత్రం పెంటయ్య.

కరీంనగర్ దగ్గర మా ఊళ్లో ఆ పేరు ఎవరికీ వింత కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆఫీసువాళ్ళ బార్బెక్యూ విందులో మన తెలుగువాడే ఒకడు దాని అర్థం ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. చెత్తకుప్ప అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అమ్మ మీద అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నతల్లి బిడ్డకు పెట్టే పేరేనా అది? సిటిజన్‌షిప్ వచ్చేలోపే కాగితాలన్నిట్లో మార్పించేశాను.

ఆ రోజు నుంచి పన్నెండేళ్ళు అమ్మ నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. "ఇగో" అనేది, లేకపోతే "మేఘన వాళ్ళ నాయిన" అనేది. అలిగిందనుకున్నాను. నేనూ పంతం పట్టాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కూర తింటూ, ఇద్దరం పొడిపొడి మాటలతో రోజులు గడిపేశాం. అమ్మకు డెబ్భై ఆరు. ఇలాగే వెళ్ళిపోతుందేమో అన్న భయం లోపల ఉండేది కానీ, ముందు నేనెందుకు దిగిరావాలి అన్న రోషం అంతకంటే గట్టిగా ఉండేది. మేఘనకు పాత పేరు సంగతే తెలియదు. చెప్పొద్దని సునీత చేత ఒట్టు వేయించుకున్నాను.

ఇయర్ ట్వెల్వ్, అంటే మన ఇంటర్, అయిపోయాక, యూనివర్సిటీలో చేరేలోపు ఘనాలోని ఒక పల్లెలో రెండు వారాలు హోమ్‌స్టే చేస్తానని పట్టుబట్టింది మేఘన. వాళ్ళింట్లోనే ఉండి, వాళ్ళు తిన్నదే తిని, వాళ్ళ పద్ధతులు నేర్చుకోవడం. పిల్లను ఒక్కదాన్ని పంపడం ఇష్టంలేక తోక పట్టుకుని నేనూ బయలుదేరాను.

కుమాసి నగరం నుంచి రెండు గంటల ప్రయాణం. ఎర్రమట్టి దారి, కోకో తోటలు. మేం దిగింది ఒక ముసలావిడ ఇంట్లో. ఆమెను అందరూ నానా అంటారు, పెద్దావిడ అని. ఆమె కొడుకు క్వామె బడిపంతులు. ఆమె మాటలు మాకు ఇంగ్లీషులో చెప్పేది అతనే.

పొద్దున పదిన్నర అయివుంటుంది. ఎండ కాస్తోంది, ముంగిట్లో పదిమంది ఉన్నారు. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు నీళ్ళిచ్చి, ఆ తర్వాతే ఏం పనిమీద వచ్చారని అడగడం వాళ్ళ మర్యాద. నీళ్ళయ్యాక, అతిథులకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. మేఘన శుక్రవారం పుట్టింది కాబట్టి అఫువా అన్నారు. అది మురిసిపోయి, "అండ్ మై డాడ్ ఈజ్ ప్రణీత్!" అని నన్ను చూపించింది.

నానా చప్పున చెయ్యి చాచి దాని నోరు మూసింది.

తర్వాత లేచి నా దగ్గరికొచ్చి, నా ముఖం కేసి చూస్తూ ఒక్క మాట అంది. "సుమినా." చుట్టూ ఉన్న పిల్లలు పకపకా నవ్వారు. క్వామె ముఖం మాడిపోయింది. ఏమిటని అడిగితే నసిగాడు. గట్టిగా అడిగితే, ఏమీ అనుకోవద్దని బతిమాలుతూ చెప్పాడు. చెత్త పారబోసే దిబ్బ అని.

అచ్చం నా పాత పేరే. చేతిలో గ్లాసు స్టూలు మీద పెట్టేశాను.

క్వామె చెప్పింది ఇది. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే, తర్వాత పుట్టినవాడికి తమ వైపు ఇలాంటి పనికిమాలిన పేరు పెడతారట, చావు చూసి అసహ్యించుకుని వదిలేస్తుందని. ఆనవాలుగా చెంప మీద చిన్న గాటు కూడా పెడతారట. నా చెంప మీద గాటు లేదు. ఒంటి మీద ఇంకే గుర్తూ లేదు.

నానా ఆగకుండా చెబుతూనే ఉంది. నాకు ముందు ముగ్గురు పోయారట. మూడోది ఆడపిల్ల, పేరు పెట్టకముందే పోయిందట. ఆ పేరు నీ మీదనుంచి ఎవరు తీశారని అడిగింది. నేనే అన్నాను. ఆమె తిట్టలేదు. కళ్ళు తుడుచుకుంది.

నాకు తెలిసి మా ఇంట్లో పోయింది ఒక్క అన్నయ్యే. అందుకే ఆవిడ చెప్పింది తప్పని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె రోజూ అన్నానికి "సుమినా" అనే పిలిచేది. అయినా రోజూ నేను పలికాను.

ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ పెరట్లో గోంగూర కోస్తోంది. పక్కన కూర్చుని, నాకంటే ముందు ఎంతమంది పోయారని అడిగాను. అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నీకెవలు చెప్పిండ్రు?"

జరిగిందంతా చెప్పాను.

"ముగ్గురు బిడ్డా. ఇద్దరు మొగపిల్లలు, ఒక ఆడపిల్ల. అది అయిదు దినాలే బతికింది. ఇరవయ్యొక్క దినాలు నిండితే గద పేరు పెట్టేది. మీ నాయిన పట్నంల ఉండె, నెలలు నిండకముందే కడుపు పోయిందనుకున్నడు. నాకు, మంత్రసానికే ఎరుక. ఆమె పోయి ముప్పై ఏండ్లయింది."

తర్వాత అంది: "నిన్ను పుట్టంగనే పెంటమీద ఏసినం. పక్కింటామె ఎత్తుకొచ్చి నా ఒళ్ళె పెట్టింది, నా బిడ్డవు కానట్టు. నువ్వా పేరు తీసేసినవు. గా కొత్త పేరు నేను నోటితోని అంటే, చావు ఇని నిన్ను గుర్తుపడ్తదని భయం. అందుకే పిలువలే."

పన్నెండేళ్ళు నేను అలక అనుకున్నది భయం. పెరట్లో పిల్లాడిలా ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను.

టెస్టర్‌ని కదా, అన్నీ వెతికాను. వీసా దరఖాస్తులో పాత పేరు రాయలేదు. హోమ్‌స్టేవాళ్ళ ఫారంలోనూ లేదు. సునీత ఎవరికీ చెప్పలేదు, మేఘనకు తెలియదు. పోనీ పేరు ఎలాగో పొక్కిందే అనుకుందాం. అయిదు రోజుల పసిగుడ్డు సంగతి మా నాన్నకే తెలియదే!

అమ్మకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. నానాకెలా తెలిసిందని ఒక్కసారి కూడా అడగలేదు. కోసిన గోంగూర కొంగులో వేసుకుని లేస్తూ ఒక్కటే అడిగింది.

"ఆమెకెంతమంది పోయిండ్రు, పెంటయ్యా?"

ఆ మాట నేను నానాను అడగనేలేదు.