మొరియోకా మామ్మగారి వడ్డన

ఆ రోజుల్లో మర్యాదంటే మా గోదావరి వాళ్ళదేనని, మనిషిని భోజనానికి కూర్చోబెట్టి మళ్ళీ లేవనీయకుండా చేసే విద్య ప్రపంచంలో ఇంకెవరికీ రాదని నాకు గట్టి నమ్మకం. ఆ వయసులో నమ్మకాలన్నీ గట్టివే లెండి. జర్మనీలోని ఆకెన్‌లో ఎమ్మెస్ చివరికొచ్చింది గానీ, మాస్టరార్బైట్ (అదే, చివరి థీసిస్) చేయనిచ్చే కంపెనీ దొరక్క కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. ఆ థీసిస్ లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఇక్కడ ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే సామర్లకోట స్టేషన్లో దిగి మా పెద్దమ్మ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి (అన్నిటికంటే ఇదే భయంకరం). అలాంటి సమయంలో డ్యుసెల్‌డోర్ఫ్‌లో ఒక జపాన్ ఇంజనీరు నన్ను ఇంటర్వ్యూ చేసి, "ఆలోచించి చెబుతాను" అన్నారు. నిమిషం అటూ ఇటూ కాని మనిషి కాబట్టి ఆయనకు గడియారంగారని పేరు పెట్టుకున్నాను. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఫోన్ చేసి, జపాన్లోని మొరియోకా నుంచి వాళ్ళమ్మగారు వచ్చారని, వాళ్ళ ఊరి వంట చేస్తారని, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మని పిలిచారు.

అది భోజనం కాదు, రెండో ఇంటర్వ్యూ అని మా రూమ్మేటు తేల్చేసింది. హైదరాబాదు పిల్ల, నాకంటే ఒక సెమెస్టర్ సీనియర్, అన్నీ తెలుసన్న ధీమా. "జూడు, పెద్దామె ఏం పెట్టినా కిక్కురుమనకుండ తినాలె. గిన్నెల కొంచెం ఇడిసిపెట్టినవనుకో, నీ థీసిస్ గోవిందా" అంది. "నీకెలా తెలుసే?" అంటే, "వీడియోల జూసిన" అంది. ఆ మాటనే వేదంగా పట్టుకుని స్టూడెంట్లకిచ్చే సెమెస్టర్ టికెట్ మీద రైలెక్కాను.

గడియారంగారు స్టేషన్‌కు ఎదురొచ్చి, జపాన్ హోటళ్ళున్న వీధి మీదుగా నడిపించుకెళ్ళారు. "ఇక్కడ ఒసాకా వాళ్ళ క్యాబేజీ అట్టు దొరుకుతుంది. హిరోషిమా వాళ్ళు అదే అట్టులో నూడుల్స్ కూడా వేస్తారు. హకాటా రామెన్ కావాలంటే అదిగో, ఆ క్యూలో నిలబడాలి. మా మొరియోకా వాంకో సోబా నూడుల్స్ మాత్రం ఈ వీధిలో దొరకదు. అది తినాలంటే మీరు మొరియోకా వెళ్ళాలి, లేదా మా అమ్మ రావాలి" అన్నారు గర్వంగా.

ఇంట్లో వాళ్ళమ్మగారు (నా వయసుకు మామ్మగారే) వంగి వంగి దండాలు పెట్టారు, నేనూ పెట్టాను. నేను శాకాహారినని చేపకు బదులు పుట్టగొడుగులతో చారు కాచారట. నా ముందు మూతున్న ఒక చిన్న గిన్నె, చుట్టూ ముల్లంగి ఊరగాయ, అక్రోట్లు, ఇంకేవో నంజుళ్ళు. మూత తీస్తే లోపల ఒక్క ముద్దకు సరిపడా నూడుల్స్. ఇంతేనా అని ప్రాణం ఉసూరుమంది. నంజుకోవడానికి పళ్ళెం కనబడలేదు. మా ఇళ్ళల్లో చేసినట్టే మూతను వెల్లకిలా పెట్టి, ఊరగాయా అక్రోట్లూ అందులో వడ్డించుకున్నాను. గడియారంగారు అది చూసి నోరు తెరిచారు, మళ్ళీ మూసేశారు. మామ్మగారి కళ్ళు మెరిశాయి.

ఆ ముద్ద మింగానో లేదో, నా భుజం వెనక నుంచి "జాన్ జాన్!" (కానీ, కానీ అనట) అని కేక, గిన్నెలో ఇంకో ముద్ద. అది మింగాను, మళ్ళీ "జాన్ జాన్!" ఆవిడ నా వెనకే పళ్ళెంతో నిలబడ్డారు, గడియారంగారు వంటింట్లోంచి అందిస్తున్నారు. ఖాళీ చేస్తే ఆపుతారని నేను, ఖాళీ చేసింది కదా అని ఆవిడ. పక్కన ఖాళీ గిన్నెలు గోపురంలా లేచాయి. (మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత పూర్తిగా చెప్పను గానీ, ఆ రోజు నా పొట్ట చూసినవాళ్ళకు అదే గుర్తొచ్చేది.) జర్మన్‌లో చాలన్నాను. ఇంగ్లీషులో చాలన్నాను. చివరికి కళ్ళలో నీళ్ళు తిరిగి, "మామ్మగారూ, మీకు దండం పెడతానండీ, ఇంక పట్టదండీ" అని తెలుగులోకి దిగిపోయాను. ఆవిడ మెచ్చుకోలనుకుని రెండింతల హుషారుగా "జాన్ జాన్!" అన్నారు. ఇక లాభం లేదని, మా పెళ్ళిళ్ళ బంతిలో విస్తరి మీద పెట్టినట్టు రెండు చేతులూ గిన్నె మీద అడ్డం పెట్టేశాను.

నూడుల్స్ నా చేతుల మీద పడ్డాయి. చారు మోచేతుల దాకా కారింది. మామ్మగారు కెవ్వుమన్నారు, నేనూ కెవ్వుమన్నాను. ఆవిడ పళ్ళెం వదిలేసి తువ్వాలు కోసం పరిగెత్తారు. అయిపోయింది, నా థీసిస్ చారులో కలిసిపోయిందనుకున్నాను.

"మూత పెడితే ఆపేస్తారండీ. పెట్టేదాకా వడ్డించేవాళ్ళు ఆపకూడదు, అదీ పద్ధతి" అన్నారు గడియారంగారు, చెవుల దాకా ఎర్రబడి. "ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాను. "మీరు మూతలో ఊరగాయలు వేసుకున్నారు. ఇక ఆపే ఉద్దేశమే లేదేమో అనుకున్నాం." మామ్మగారు నా చేతులు తుడుస్తూ, నవ్వుతూ ఏదో అన్నారు. ఆయన అనువదించారు. "నాన్న పోయాక తన వడ్డనకు ఇంతసేపు కూర్చున్నవాళ్ళు లేరంటోంది."

గుమ్మం దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. "మరి నా థీసిస్ సంగతి...?"

"అదా? శుక్రవారమే సంతకం పెట్టేశానుగా. ఫోన్‌లో చెప్పలేదూ?"

నిమిషం తప్పని మనిషి, చెప్పాల్సిన ఆ ఒక్క ముక్కా మర్చిపోయారు!

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న వోల్ఫ్స్‌బర్గ్‌లో ఎవరింటికి వెళ్ళినా "నైన్, డాంకె" (వద్దండీ, థాంక్స్) అని హాయిగా అనేస్తాను. ఒక్కసారి అంటే చాలు, ఇంకెవరూ అడగరు. అడగకపోతే మనసు కాస్త చివుక్కుమంటుందని ఈ మధ్యే తెలిసింది. అప్పుడు ఆ సాయంత్రం రైల్లో కూర్చోవడానికి పొట్ట ఒప్పుకోక ఆకెన్ దాకా నిలబడే వెళ్ళిన పిల్ల కళ్ళముందు కనబడి నవ్వొస్తుంది. పిచ్చిపిల్ల, పరీక్ష రాస్తున్నాననుకుంది. ఆవిడేమో ఆకలిగొన్న పిల్లొచ్చిందని అన్నం పెడుతున్నారు.