ఒకే మందు మీద అడగని రెండు ప్రశ్నలు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో పనిచేసే చిట్టికి ఆ ఉదయం ఒక కబురొచ్చింది. కంటి చుక్కల మందులో ‘క7’ బ్యాచి పాడైందట. అది వాడుతున్నవాళ్ళను వెతికి, ఆపెయ్యమని సాయంత్రంలోగా మెసేజ్ పంపాలి. వెతికితే వచ్చిన పేర్లలో నాన్న కూడా ఉన్నాడు.

“నాన్నా, ఆ చుక్కలు పారబొయ్యి” అంది ఫోన్‌లో.

“అలాగేనమ్మా” అన్నాడాయన. ఎందుకని అడిగే అలవాటు ఆయనకెప్పుడూ లేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళితే, ఖాళీ సీసా కడిగి సింకు పక్కన బోర్లించి ఉంది. లేబుల్ మీద బ్యాచి ‘మ3’. చిట్టి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. మ3యే. అబద్ధం చెప్పేది సీసానా, కంప్యూటరా?

“పారబోసేముందు లేబుల్ చూడలేదా?”

“నువ్వు చెప్పాక ఇంకా చూసేదేంటే?”

చిట్టికి ఏడుపొచ్చింది. ఆ చుక్కలు మానేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఆయన మాత్రం తాపీగా దగ్గుతూ, అదే ఆసుపత్రిలో ఇచ్చిన దగ్గుమందు అందుకున్నాడు. దాని మీద ఉంది ‘క7’! రెండు మందులూ చేసే కంపెనీ ఒకటే, అన్నిటికీ అవే బ్యాచి గుర్తులు వేస్తుంది. దగ్గుమందు నిక్షేపంగా ఉంది, పాడైంది చుక్కలే.

అప్పుడు కాస్త వెలిగింది. కంప్యూటర్లో ఒక్కో రోగికి ఒక్కో ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రం, అందులో ఒక్కో మందు ఒక్కో ఎలిమెంట్, అంటే ఒక్కో గడి. మందు పేరూ, బ్యాచీ ఆ గడి మీద రాసే వివరాలు, అట్రిబ్యూట్లు. వాటిని వెతకమని కంప్యూటర్‌కి రాసిన ఎస్‌క్యూఎల్ క్వెరీలో తను విడివిడిగా అడిగింది. ఈయనకు చుక్కలున్నాయా? ఉన్నాయి. క7 ఉందా? ఉంది. రెండూ ఒకే మందువై ఉండాలని మాత్రం అనలేదు. మీ ఇంట్లో పొడుగువాళ్ళున్నారా, మీసాలున్నాయా అని వేర్వేరుగా అడిగి, పొడుగాటి అత్తకు మీసాలు తగిలించినట్టయింది.

అన్నం అలాగే వదిలేసి, మెసేజ్ వెళ్ళకముందే ఆసుపత్రికి పరుగెత్తింది. నాన్నలాంటి వాళ్ళెవరూ లేబుల్ చూడరు, మెసేజ్ చూసి పారబోస్తారు. రెండు షరతులూ ఒకే ఎలిమెంట్ పక్కన, ఒకే బ్రాకెట్‌లో పెట్టి మళ్ళీ వెతికింది. సగానికి పైగా పేర్లు రాలిపోయాయి. నాన్న పేరూ పోయింది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, స్క్రీన్ వైపు అయోమయంగా చూస్తూ కూర్చుంది.

సాయంత్రం కొత్త చుక్కలు తెచ్చింది. నాన్న కుర్చీలో తల వెనక్కి వాల్చి కన్ను తెరిచాడు. చిట్టి సీసా ఆయన ముందుకు చాపింది.

“ముందు లేబుల్ చదువు నాన్నా.”

“నువ్వు చదివావుగా” అన్నాడాయన, రెప్ప వాల్చకుండా.