వశిష్ఠ మీద అలల పాఠం

మా సైన్సు టీచరుగారు పోయేరని మొన్న మలికిపురం నుంచి చెల్లెలు ఫోను చేసింది. నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ ముఖం కాదు, గొంతు.

డెబ్భైల చివర్లో, రాజోలు దగ్గర హైస్కూల్లో మేం పదో తరగతి. అలల పాఠం రోజున టీచరుగారు కొబ్బరితాడు కిటికీ ఊచకి కట్టి, రెండో కొస విదిలించేరు. మెలిక పరుగెత్తి ఊచని తాకింది.

"తాడు వెళ్లిందా? లేదు. కదలిక వెళ్లింది. ఏదో ఒకటి కుదిపితేనే అల పుడుతుంది. నీళ్లలో, గాలిలో, భూమిలో కూడా" అన్నారు.

ఆ నెలలోనే నర్సాపురంలో సైన్సు ప్రదర్శనకి తీసుకెళ్లేరు. సఖినేటిపల్లి రేవులో నావ ఎక్కేం. వశిష్ఠ గోదారి మధ్యలో ఒక లాంచీ మా పక్కనుంచే జోరుగా దూసుకుపోయింది. అది రేపిన అల తగిలి నావ ఒరిగింది. నీళ్లు లోపలికొచ్చేయి. కెవ్వుమని లేచి, అందరం రెండో వైపుకి ఉరకబోయేం.

"కూర్చోండి! ఎక్కడివాళ్లక్కడే!" టీచరుగారు ఎప్పుడూ అలా అరవలేదు. "బాబూ, నావ ముక్కు అలకి ఎదురుగా తిప్పండి!"

"ఆయ్, తిప్పుతున్నానండి! పిల్లల్ని కదలనివ్వకండి!" అన్నాడు నావ నడిపేతను.

మళ్లీ లేవబోతున్న నా జడ పట్టుకుని కిందికి లాగేరు. నావ తిరిగింది. ముక్కు పైకి లేచింది, దబ్బున దిగింది. మళ్లీ లేచింది. "అల ఎత్తి దింపేస్తుందంతే, మనల్ని తీసుకుపోదమ్మా" అని చెబుతూనే ఉన్నారు.

ఒడ్డుకి దిగేక ఆవిడ మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టేరు.

"భయం వేసిందాండీ?"

"వెయ్యదామ్మా? నాకు ఈత రాదు. మీలో ఎవరికొచ్చు?"

ఆడపిల్లల్లో ఒక్కరమూ చెయ్యెత్తలేదు.

వేసవికి కాలవల్లో నీళ్లు కట్టేసేలోపే ఆవిడ తన అత్తగారి దగ్గర ఈత నేర్చుకోవడం మొదలుపెట్టేరు. నలభై దాటేక ఇదేం సరదా అని ఊళ్లో నవ్వేరు. "నవ్వూ అలేనమ్మా. కుదిపేవాళ్లు అలిసిపోతే ఆగిపోతుంది" అనేవారు. తర్వాత మమ్మల్నీ కాలవలోకి దింపేరు. ఈరోజు నా కూతుళ్లిద్దరికీ ఈత వచ్చంటే ఆవిడ చలవే.

తేలడానికి నడుముకి కట్టుకున్న ఎండు కొబ్బరికాయలు ఆవిడ మొదటిసారి విప్పి గట్టు మీదికి విసిరేసిన పొద్దుట, మేం కాలవ మెట్ల మీద నిలబడ్డాం. కాలవ మధ్యలో ఆవిడ తల ఒకసారి మునిగింది. అత్తగారు చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలోకి దిగబోయేరు. అంతలో తడి కొప్పు పైకి తేలి, ఎండలో మెరుస్తూ, నెమ్మదిగా అవతలి ఒడ్డుకేసి సాగింది.